ప్రెస్ కన్నా ముందు తక్కెడ, తక్కెడ కన్నా ముందు చట్టం

ఈసారి కొంచెం పొడుగైన రాతే. ఓపికుంటే చదవండి, కోపమొస్తే తిట్టండి. చదివి తిట్టండి, అంతే నా మనవి.

రెండు వారాలుగా మన గ్రూపులో ఒకే వీడియో తిరుగుతోంది. అమెరికాలో ఒకాయన కారు షెడ్డులో బల్లకు బిగించిన మిషను పిడి లాగుతుంటాడు, లాగినప్పుడల్లా ఒక తూటా తయారై గిన్నెలో పడుతుంటుంది. కాల్చి పారేసిన ఇత్తడి తొడుగునే మళ్లీ మందు పోసి, ప్రైమరు పెట్టి, గుండు బిగించి వాడుకోవడం. దాన్ని రీలోడింగ్ అంటారు. దాని కింద మనవాళ్ల మాటలు చూశాను. "ఒకటి తెప్పిస్తే పందుల బెడద తీరుతుంది మామా" అని ఒకరు. "మావాడు సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తాండాడు, పెట్టెలో వేసుకొని రమ్మంటా" అని ఇంకొకరు. ఈ రెండో మాటకు పన్నెండు మంది బొటనవేలు ఎత్తినారు. ఆ బొటనవేళ్లు ఉండాల్సిన చోటే ఉండాలనే ఈ రాత.

మొదట ఇక్కడి సంగతి. మన హోసూరు, డెంకణికోట, తళి పక్క చాలామంది దగ్గర లైసెన్సు తుపాకీలు ఉన్నాయి, కాదనను. కానీ తుపాకీ పెట్టుకునే లైసెన్సు వేరు, తూటా తయారుచేసే లైసెన్సు వేరు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 తయారీకి విడిగా లైసెన్సు ఉండాలంటుంది. 2019 సవరణ తర్వాత అది లేకుండా తయారుచేస్తే శిక్ష 7 ఏళ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇంకో సంగతి మనలో ఎంతమంది చదివినారో చెప్పండి. అదే చట్టం సెక్షన్ 2లో 'అమ్యూనిషన్' అంటే ఏమిటో చెప్పిన చోట తూటా ఒక్కటే లేదు. తూటా భాగాలు ఉన్నాయి, తూటాలు తయారుచేసే యంత్రాలూ ఉన్నాయి. అంటే డల్లాస్ పిల్లోడి పెట్టెలో వచ్చే ఆ ఇనుప మిషను, ఒక్క గింజ మందు లేకపోయినా, చట్టం కంటికి మందుగుండే. దాన్ని దేశంలోకి తేవడానికి సెక్షన్ 10 కింద ఇంకో లైసెన్సు. "స్పేర్ పార్టు అని చెప్పుకుందాం" అన్న అన్నకు నా ప్రశ్న ఒక్కటే: ఆ మాట కస్టమ్స్ వాళ్ల ముందు చెప్పాల్సింది మీరా, ఆ పిల్లోడా?

పందుల మాట. రాగి చేను ఒక్క రాత్రిలో పోయినవాడి కడుపుమంట నాకూ తెలుసు, మాదీ అడవి అంచు భూమే. కానీ పంది కూడా వన్యప్రాణి చట్టం కింద ఉంది. తుపాకీ లైసెన్సు పందిని కాల్చే లైసెన్సు కాదు. కాబట్టి తూటా చౌకైనా ఖరీదైనా పందుల కథ మారదు.

"మా తాత ఇంట్లోనే మందు కూరేవాడు, ఏమైంది?" అనే పెద్దలకు కొంచెం గట్టిగానే చెప్తాను, క్షమించండి. మీ తాత కూరింది నల్లమందు. నాటు తుపాకీకి గొట్టంతో కొలిచి పోసేవాడు, కొలత అటూ ఇటూ అయినా చాలాసార్లు నడిచిపోయేది. ఇప్పటి తూటాలో ఉండేది పొగరాని మందు. అది తూకం సరుకు, కొలత సరుకు కాదు. ఆ మందును తాత తుపాకీలో తాత లెక్కన పోస్తే గొట్టం చీలుతుంది, పట్టుకున్న చెయ్యి కూడా. పేరు ఒకటే 'మందు' కావడం మన భాష చేసిన అన్యాయం.

ఇక అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి. అక్కడ సొంత వాడకానికి రీలోడింగ్ చేసుకోవడానికి కేంద్ర లైసెన్సు అక్కరలేదు, అమ్మితేనే కావాలి. ఈ ముక్క విని మనవాళ్లు పొంగిపోతున్నారు. తర్వాతి ముక్క ఎవరూ చెప్పరు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అక్కడి లెక్కలోనూ ఖాళీ తొడుగు, ప్రైమరు, గుండు, మందు, విడివిడిగా ఉన్నా అన్నీ అమ్యూనిషనే. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, పైగా దేశం నుంచి పంపించేయడం. గ్రీన్‌కార్డు కోసం పదేళ్లుగా వరుసలో నిలబడ్డ పిల్లోడు రూమ్మేటుతో కలిసి సరదాగా ప్రెస్ కొంటే ఏం పోతుందో లెక్క వేసుకోండి. వీసా కాగితం లాయరుకు చూపించకుండా ఆన్‌లైన్ బుట్టలో ఒక్క వస్తువు కూడా వేయవద్దని మీ పిల్లలకు చెప్పండి. అత్తగారు చెప్పినా వినకపోతే అత్త కూతురి చేత చెప్పించండి.

గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు, పౌరులైనవాళ్లు చేసుకోవచ్చు. తప్పనను. మా అల్లుడు చేస్తాడు, ఆరు నెలలు అక్కడుండి దగ్గరగా చూశాను. నా గొడవ వాళ్లు కొనే వరుసతో. ఆ వీడియోలో ఉన్నది ప్రోగ్రెసివ్ ప్రెస్. ఒక్క లాగుడులో నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. కొత్తవాడికి దాన్ని అమ్మడం, సైకిలు రానివాడికి బుల్లెట్ బండి తాళం ఇవ్వడమే. నాలుగైదు పనుల్లో ఏది తప్పిందో వాడి కంటికి కనబడదు. కొన్ని పిస్తోలు తూటాల్లో పోయాల్సిన మందు తొడుగులో సగం కూడా నిండదు, రెండోసారి పోసినా లోపలే పడుతుంది. అలా రెండుసార్లు పడితే తుపాకీ పగులుతుంది. అసలు పడకపోతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనకాలే ఇంకోటి కాల్చితే అప్పుడూ పగిలేది గొట్టమే.

సింగిల్ స్టేజ్ ప్రెస్ మెల్లగా నడుస్తుంది, దాని గొప్పతనమే అది. లీ, ఆర్‌సీబీఎస్ లాంటి కంపెనీలవి తరాలు నిలిచేవి ఉన్నాయి. యాభై తొడుగులకు మొదటి పని, తర్వాత యాభైకీ రెండో పని. మందు పోశాక యాభైనీ పలక మీద నిలబెట్టి టార్చి వేసి ఒక్కొక్కదానిలో తొంగి చూస్తారు. మా అల్లుడు ఆ చూపు చూడనిదే ఒక్క గుండు పెట్టడు. ఆ పూట ఫోను లోపల గదిలో ఉంటుంది.

కానీ నన్నడిగితే ప్రెస్ కూడా రెండోది. మొదటి డబ్బు తక్కెడ మీద పెట్టాలి. మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, మన గురివింద గింజ రెండు గ్రెయిన్ల దగ్గర తూగుతుంది. అలాంటి గ్రెయిన్లు 7000 కలిస్తే ఒక పౌండు. మన బంగారు పౌను కాదు, ఆ 8 గ్రాముల లెక్క వేరు. ఇందులో గ్రెయినులో పదో వంతు తేడా కూడా పట్టించుకుంటారు. చవక డిజిటల్ తక్కెడల్లో గ్రాము, గ్రెయిను, క్యారెట్ అన్నీ ఒకే బొత్తానికి ఉంటాయి. వేలు పొరపాటున తగిలి గ్రాములోకి మారిందంటే అంకె అదే, మందు పదిహేను రెట్లు. అందుకే పరీక్ష రాళ్లు విడిగా కొనాలి, కూర్చున్న ప్రతిసారీ వాటితో సరిచూసుకోవాలి. పైన ఫ్యాను తిరుగుతుంటే ఏ తక్కెడా నిజం చెప్పదు. మన ఊరి ఆచారిని అడగండి, బంగారం తూచేటప్పుడు ఫ్యాను ఎందుకు ఆపుతాడో చెప్తాడు.

తక్కెడ పక్కన అచ్చు పుస్తకం. లైమన్, హార్నడీ వాళ్ల మాన్యువళ్లు ఉన్నాయి, మందు కంపెనీలూ తమ లెక్కలు ఇస్తాయి. చెప్పిన కనిష్ఠం దగ్గరే మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో ఎవడో పంపిన లెక్క మీద ఒక్క గ్రెయిను కూడా పోయకూడదు. హెచ్ 4350, ఐఎంఆర్ 4350 అని రెండు మందులున్నాయి. అంకె ఒకటే, సరుకు ఒకటి కాదు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. అందుకే బల్ల మీద ఒక్క డబ్బా కంటే ఎక్కువ ఉండకూడదంటారు. ఆ తర్వాతే కాలిపరు, ఆ తుపాకీకి తగిన డైలు, పొడుగైన తొడుగు కత్తిరించే ట్రిమ్మరు. అనుమానం వచ్చిన తూటాను విప్పే సుత్తి లాంటి పుల్లరు కూడా కావాలి. అందరూ దాన్ని చివర కొంటారు, మొదటి రోజే అవసరమవుతుంది.

ఆడపడుచులకు ఒక మాట. ప్రైమర్లలో సీసం ఉంటుంది, తొడుగులు తోమినప్పుడు లేచే దుమ్ములోనూ సీసమే. అది పసిపిల్లలకు విషం. ఈ పని వంటింటి బల్ల మీద జరుగుతుంటే మీరే ఆపించండి. ఎంత మందు, ఎన్ని ప్రైమర్లు ఇంట్లో పెట్టుకోవచ్చో అక్కడ అగ్నిమాపక నియమాలున్నాయి, ఆ ఊళ్లో ఏది అమల్లో ఉందో కనుక్కోవాలి.

డబ్బు మిగులుతుందన్న మాట మాత్రం నమ్మకండి. మా అల్లుడు తూటాకు పడే ఖర్చు తగ్గించుకున్నాడు, నిజమే. ఇప్పుడు మూడింతలు కాలుస్తున్నాడు.

సంక్రాంతికి వచ్చే పిల్లోడికి ఈ రాత్రే ఫోను చేయండి. ప్రెస్ వద్దని చెప్పండి. అలాగే కాల్చడానికి వెళ్లేటప్పుడు వాడే సంచీ ఉంటుంది కదా, దాంతో విమానం ఎక్కొద్దని, ప్రతి జేబూ తిప్పి దులపమని చెప్పండి. అడుగున ఒక ఖాళీ తొడుగు ఉన్నా పండగ పోలీస్ స్టేషనులో అవుతుంది.