విత్తనము నమ్మువారి బాధ్యత

విత్తనము నమ్మినవాడు లాభమును బొందగా, పంటను అమ్ముకొనువాడు నష్టమును భరించుట న్యాయ మనిపించుకొనదు. అమెరికాలో జరిగిన దిదియే. పురుగుల నెదిరించు జన్యుపరివర్తిత మొక్కజొన్నకు 2010లో ఆ దేశప్రభుత్వ మనుమతి నొసంగినది. సింజెంటా కంపెనీవారు దానిని 2011 సాగునకు రైతులకు విక్రయించిరి. చైనా యనుమతి మాత్ర మప్పటికి లభింపలేదు. 2013 నవంబరు మొదలు ఆ గింజలు కలసిన సరకును చైనా నిరాకరించెను. 2014 డిసెంబరులో గాని యంగీకరింపలేదు.

ఆ విత్తనమును ముట్టని రైతులును తాము నష్టపడితిమని మొఱవెట్టిరి. అందు వింత లేదు. గాలి పుప్పొడిని పొరుగుచేనికి గొనిపోవును; గిడ్డంగిలో నందఱి గింజలు నొక్కరాశి యగును. ధర పడిపోవుటకు విస్తారమైన పంటయే హేతువని కంపెనీవారు వాదించిరి. అయినను 2017లో సుమారు 150 కోట్ల డాలర్లకు రాజీపడిరి.

పురుగులు మందున కలవాటుపడకుండ చేనిలో గొంతభాగము సాధారణపు మొక్కజొన్నను వేయవలయునని యచ్చటి రైతునకు నియమము గలదు. ఆ నియమము మంచిదే. రైతు దానిని పాటింపవలసినదే. కాని కట్టుబాట్లన్నియు రైతునకేనా? ఏ దేశము కొనును, ఏ దేశము కొనదు అను విషయమును విత్తనపుసంచి విప్పకమునుపే తెలుపు బాధ్యత అమ్మువానికి లేదా? విత్తుట కనుమతి వేఱు, విపణి వేఱు. పెద్ద కొనుగోలుదారు అంగీకరింపనంతవఱకు అట్టి విత్తనము అంగడి కెక్కరాదని శాసనమే నిర్బంధింపవలయును.