కొండమీది గూడు

సిమ్లా నగరమున చదును నేల స్వల్పము; నివాసార్థులు బహుళము. అందుచే ఇండ్లవెలలు సామాన్యునకు అందరానివైనవి. ప్రభుత్వానుమతి లేనిదే వ్యవసాయకులు గానివారికి భూమి నమ్మరాదని హిమాచల ప్రదేశపు 1972 నాటి భూసంస్కరణ శాసనము, 118వ సెక్షనున, విధించినది. దానిని మేము నిందింపము. కాని యది రైతుపొలమును కాపాడినదే గాని కూలివానికి గూడు నొసగలేదు. 2017లో హరిత ట్రిబ్యునలు అంతస్తులకు హద్దు విధించెను. 2024లో సుప్రీము కోర్టు ఆ యుత్తరువును రద్దుగావించెను. వ్యాజ్యమున నెవరు గెలిచినను పేదవానికి ఇల్లు దొరకునా? 2023 ఆగస్టు వానలకు అచ్చట కొండచరియలు విరిగి ఇండ్లు కూలినవి, ప్రాణములు పోయినవి. ప్రమాదపు వాలున ఇల్లు వేసికొన్నవాడు మూర్ఖుడు గాడు. వేఱు దిక్కు లేనివాడు. "ఇచ్చట కట్టకుము" అనుట సర్కారునకు సులభము. క్షేమమైన చోట స్వల్పపుటద్దె ఇల్లు గట్టి, "ఇచ్చట నుండుము" అనుటయే ధర్మము.