చలాను ఒకటే, న్యాయం ఒకటేనా?

2021 సెప్టెంబరు 10, శుక్రవారం రాత్రి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి ఐకియా వైపు వెళుతున్న సినీ నటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలు రోడ్డు మీది ఇసుకలో జారి పడిపోయింది. తలకు హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది. ఆయన ఇంకా స్పృహలోకి రాకముందే రాయదుర్గం పోలీసులు అతివేగం, నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు. నెల రోజులకు పైగా ఆస్పత్రిలో ఉండి, దసరా నాటికి గాని ఆయన ఇంటికి చేరలేదు. మంచం మీద ఉన్న మనిషి మీద కేసేమిటని అభిమానులు బాధపడ్డారు. రోడ్డు మీద ఇసుక వదిలిన వారి సంగతేమిటని మరికొందరు అడిగారు.

కేసు పెట్టడంలో తప్పులేదని మేము అప్పుడూ అనుకున్నాము, ఇప్పుడూ అనుకుంటున్నాము. అదే మలుపులో హోటలు భోజనం పట్టుకుని పరుగెత్తే డెలివరీ కుర్రాడు పడినా అదే సెక్షను రాసేవారు. అయితే ఆ కుర్రాడు పడిన దృశ్యాన్ని ఏ చానలూ రోజంతా తిప్పి తిప్పి చూపించదు. ఇసుక ఎవరిదని కూడా ఎవరూ అడగరు. హీరో పడ్డాక గాని ఆ ప్రాంతంలో నిర్మాణ వ్యర్థాలు రోడ్డుపాలు చేసిన సంస్థకు జీహెచ్ఎంసీ జరిమానా వేయలేదు. అంతకుముందు ఆ దారిన జారిపడిన మోచేతులకు లెక్కా పత్రమూ లేవు.

ప్రముఖులకు చట్టం ముందు న్యాయం జరుగుతోందా అన్న ప్రశ్నను మన ఇళ్ళలో రెండు రకాలుగా వింటాం. పేరున్నవాడిని పట్టుకుని అల్లరి చేస్తారని కొందరు, పేరున్నవాడికి ఏమీ కాదని కొందరు. చిత్రమేమిటంటే, ఇద్దరి మాటా నిజమే.

చిన్న తప్పుల సంగతి చూడండి. 2022 మార్చిలో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు కార్ల అద్దాలకు అంటించే నల్ల ఫిల్ములు పీకించే పని పెట్టుకున్నారు. 2012లో సుప్రీంకోర్టు నిషేధించిన ఫిల్ములే అవి. జూనియర్ ఎన్టీఆర్, అల్లు అర్జున్ కార్లకు తలా 700 రూపాయలు చలాను పడింది. ఆ రోజుల్లో అదే తప్పుకు పట్టుబడిన సామాన్యుల ఫోటోలు ఏ పత్రికలోనూ రాలేదు. అంతకుముందు, 2018 కొత్త సంవత్సరం రాత్రి, బుల్లితెర వ్యాఖ్యాత ప్రదీప్ మద్యం మత్తులో కారు నడుపుతూ జూబ్లీహిల్స్‌లో దొరికారు. తండ్రిని వెంటబెట్టుకుని కౌన్సెలింగుకు వెళ్ళారు. కోర్టు 2,100 రూపాయల జరిమానా వేసి, మూడేళ్ళ పాటు లైసెన్సు రద్దు చేసింది. జరిమానా తక్కువని చాలామంది నవ్వారు గాని, మొదటిసారి తాగి నడిపినవారికి అప్పటి చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానాయే రెండు వేలు. 2019 సవరణతో అది పది వేలయింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈ తారలకు 700 రూపాయలు ఒక లెక్క కాదు, చుట్టూ మూగిన కెమెరాలే అసలు శిక్ష. టోలీచౌకి నుంచి హైటెక్ సిటీకి కిరాయిలు తోలే ఆటో సోదరుడికి కెమెరాల బెడద లేదు, కాని ఆ 700 ఒక రోజు సంపాదన. ఫిన్లాండులో వేగానికి వేసే జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. 50 కిలోమీటర్ల హద్దులో 75 వేగంతో మోటారు సైకిలు నడిపిన నోకియా కంపెనీ పెద్ద అన్సీ వాన్‌యోకీకి 2002లో లక్షా 16 వేల యూరోలు పడింది. ఆదాయం తగ్గిందని చూపించుకుని తరువాత ఆయన దాన్ని బాగా తగ్గించుకున్నారనుకోండి, అది వేరే సంగతి! మన దగ్గర అలాంటి పద్ధతి రేపే రావాలని మేము అనడం లేదు. ఒకే మొత్తం ఇద్దరికీ ఒకే శిక్ష కాదని మాత్రం గుర్తు చేస్తున్నాము.

ఇంతవరకు నష్టం పరువుదీ జేబుదీ. ప్రాణం పోయిన చోట కథ మారుతుంది.

2022 మార్చి 17 రాత్రి, అదే కేబుల్ బ్రిడ్జికి జూబ్లీహిల్స్ వైపున్న 45వ నంబరు రోడ్డులో, ఎమ్మెల్యే స్టిక్కరున్న కారు రోడ్డు దాటుతున్న ఆడవాళ్ళను గుద్దింది. బెలూన్లు అమ్ముకుని బతికే ఒక తల్లి చేతుల్లోని రెండున్నర నెలల పసివాడు చనిపోయాడు. నడిపింది నేనేనని ఒక యువకుడు లొంగిపోయాడు. 2023 డిసెంబరులో బేగంపేట ప్రజాభవన్ ముందు బారికేడ్లను మరో కారు గుద్దింది. అప్పుడూ నేనే నడిపానంటూ ఒక డ్రైవరు ముందుకు వచ్చాడు. కారులో ఉన్నది బోధన్ మాజీ ఎమ్మెల్యే కుమారుడనీ, మనిషిని మార్చారనీ పోలీసులే ఆరోపించారు. తప్పించడానికి సహకరించారని పంజాగుట్ట ఇన్‌స్పెక్టరును సస్పెండు చేశారు. కొద్ది వారాలకు దాదాపు ఆ స్టేషను సిబ్బంది మొత్తాన్నీ బదిలీ చేశారు. దుబాయి వెళ్ళిన ఆ యువకుడిని 2024 ఏప్రిల్‌లో శంషాబాదు విమానాశ్రయంలో అరెస్టు చేశారు. పసివాడి కేసును కూడా తిరిగి తెరిచారు. నేరం ఎవరిదో చెప్పవలసింది కోర్టులు, మేము కాదు. కాని ఆ కారు నడిపింది ఎవరన్న ప్రశ్న తిరిగి లేవడానికే రెండేళ్ళు పట్టింది. ఆ తల్లి పేదది కాకపోతే అన్నేళ్ళు పట్టేదా?

బొంబాయిలోనూ పేచీ ఈ ప్రశ్న మీదే. 2002 సెప్టెంబరులో బాంద్రాలో బేకరీ ముందు ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీలపైకి సల్మాన్ ఖాన్ కారు ఎక్కింది. ఒకరు చనిపోయారు. పదమూడేళ్ళ తరువాత, 2015లో, నడిపింది నేనని డ్రైవరు వచ్చి చెప్పాడు. సెషన్స్ కోర్టు ఆ మాట నమ్మక, మే 6న నటుడికి ఐదేళ్ళ శిక్ష వేసింది. అదే రోజు సాయంత్రానికి హైకోర్టులో తాత్కాలిక బెయిలు దొరికింది. డిసెంబరు 10న హైకోర్టు, నడిపింది ఆయనేనని రుజువు కాలేదంటూ నిర్దోషిగా విడిచిపెట్టింది. చనిపోయినవాడూ మన సోదరుడే, సల్మానూ మనవాడే. తీర్పు నాడు టీవీ ముందు మన మనసు ఎవరి వైపు ఉన్నదో ఎవరికి వారు తలచుకోవాలి.

మఖ్‌జూమ్ తెగకు చెందిన ఉన్నత వంశపు స్త్రీ దొంగతనం చేసిన సంఘటన పాఠకులకు తెలిసినదే. వంశం పరువు పోతుందని పెద్దలు హజ్రత్ ఉసామా (రజి)తో సిఫారసు చేయించారు. దైవప్రవక్త (స) ముఖం ఎర్రబడింది. గొప్పవాడిని వదిలి బలహీనుడిని శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నాశనమయ్యాయనీ, తన కుమార్తె ఫాతిమా (రజి) ఆ పని చేసినా తీర్పు మారదనీ ప్రకటించారు. స్టేషనుకు ఫోను చేసి 'మనవాడే, కాస్త చూడండి' అనే ముందు ఈ సంగతి ఎంతమందికి గుర్తుకు వస్తుంది?

పైగా ఆ ఫోను పెద్దింటి పిల్లలకు మేలు చేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2011 సెప్టెంబరులో మన అజారుద్దీన్ కుమారుడు అయాజుద్దీన్, వెంట ఉన్న బంధువైన మరో పిల్లవాడు పుప్పాలగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద మోటారు సైకిలు ప్రమాదంలో మనకు దూరమయ్యారు. అది ద్విచక్ర వాహనాలను అనుమతించని రోడ్డు. ఆ ఉదయం ఎవరో ఒక హోంగార్డు మొహం చూడకుండా ఆపి ఉంటే ఎంత బాగుండేదని ఆ ఇంటివారు ఎన్నిసార్లు అనుకుని ఉంటారో!

సైబరాబాదు పోలీసులు వారాంతాల్లో ఎంతమంది తాగి నడిపి దొరికారో లెక్క ప్రకటిస్తుంటారు. మంచిదే. ప్రాణం పోయిన ప్రతి కేసులో మొదటి గంటలో ఎవరి ఊపిరిని పరీక్షించారో, ఆ దారి సీసీ కెమెరాల దృశ్యాలను ఎప్పుడు భద్రపరిచారో కూడా ప్రకటించాలి. మాదాపూరు నుంచి గచ్చిబౌలి దాకా కెమెరా లేని కూడలి వెతకాలి. హెల్మెట్ లేని ఆటోనగరు మెకానిక్కుకు ఫోటోతో సహా చలాను ఇంటికి పంపగలిగిన ఆ కెమెరాలే, ఆ రాత్రి స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నదో కూడా చెప్పాలి.