ఉపసంహారం తెలియని విద్య

మహాభారతంలోని సౌప్తిక పర్వంలో ఒక ఘట్టం ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత అశ్వత్థామ పాండవుల వంశనాశనం కోరి బ్రహ్మశిరోస్త్రాన్ని ప్రయోగిస్తాడు. ప్రతిగా అర్జునుడూ అదే అస్త్రాన్ని సంధిస్తాడు. వ్యాస నారదులు మధ్య నిలిచి అస్త్రాలను ఉపసంహరించుకొమ్మంటారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకొంటాడు. అశ్వత్థామకు అది సాధ్యపడదు. ప్రయోగం ఇద్దరికీ తెలిసినదే, ఉపసంహారం మాత్రం ఒక్కరికే వచ్చు. నేడు ఖరీదైన యంత్రాలను చేతబట్టిన యువకుల స్థితి ఇంచుమించు అశ్వత్థామ స్థితి. అయితే భారతంలో దోషం అస్త్రాన్ని వేసినవానిది. ఇక్కడ వెనుకకు వచ్చే దారిని మూసినవారి దోషమే ఎక్కువ.

ఆదిలాబాద్ ప్రాంతం నుండి వచ్చి కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. పత్తి అమ్మిన డబ్బులో నుండి తండ్రి 70,000 రూపాయలు తీసి ఒక గేమింగ్ లాప్‌టాప్ కొనిచ్చాడు. ఆటలకోసం ఇంత ధరా అని ఇంట్లో అడిగితే, ఇంజనీరింగ్ బొమ్మలు గీయడానికి కూడా ఇట్లాంటి యంత్రమే కావాలని కుమారుడు చెప్పి ఉంటాడు. అది అబద్ధమేమీ కాదు. ఆటలకు పనికివచ్చే గ్రాఫిక్స్ శక్తి డిజైన్ పనులకూ పనికివస్తుంది. చిక్కంతా ఎండాకాలంలో వస్తుంది. రామగుండంలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్యాన్ ఎంత తిరిగినా వేడిగాలినే లోపలికి పీల్చుకొంటుంది. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. చల్లని దేశాలలో రూపొందిన యంత్రానికి ఇక్కడి వేసవి ఒక పరీక్ష.

దీనికి చాలామంది వాడే ఉపాయం అండర్‌వోల్టింగ్. ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని కొద్దిగా తగ్గిస్తే పని అంతే జరుగుతుంది, వేడి తగ్గుతుంది. 2019 డిసెంబరులో యూరప్‌లోని పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ అనే లోపాన్ని బయటపెట్టారు. వోల్టేజీని కావాలని తగ్గించి, ఇంటెల్ ప్రాసెసర్‌లోని రహస్య భాగంలో తప్పులు పుట్టించి, అక్కడ దాచిన సమాచారాన్ని రాబట్టవచ్చునని వారు నిరూపించారు. దానికి విరుగుడుగా వచ్చిన కొత్త బయాస్‌లు అనేక లాప్‌టాప్‌లలో వోల్టేజీ మార్చే వీలునే తొలగించాయి. దొంగ దూరగల కిటికీని మూసినప్పుడు ఇంట్లోకి వచ్చే గాలి కూడా ఆగిపోయింది. అందుకే ఎంతోమంది పాత బయాస్‌కు తిరిగి పోవాలని చూశారు. ఊహించిన విద్యార్థి చేసినదీ అదే. పాత ఫైలును ఎక్కించాడు. లాప్‌టాప్ ఆగి మళ్ళీ మొదలయింది. దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

బయాస్ అంటే యంత్రం కళ్ళు తెరవగానే చదివే మొదటి పాఠం. అది హార్డ్‌డిస్కులో ఉండదు, మదర్‌బోర్డుపై ఎనిమిది కాళ్ళ చిన్న చిప్‌లో ఉంటుంది. ఇట్లాంటి రాత ఒకప్పుడు చెరపరానిది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై పదవ శతాబ్దంలో జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో చెక్కించిన శాసనం నేటికీ నిలిచి ఉన్నది. తొలినాటి చిప్‌లలోని రాత కూడా శిలాక్షరమే, కర్మాగారంలో ఒకసారి రాస్తే అంతే. తరువాత అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి రాసే చిప్‌లు వచ్చాయి. 1980ల నుండి ఫ్లాష్ చిప్‌లు వచ్చి, విద్యుత్తుతోనే చెరిపి రాయడం సాధ్యమయింది. శిల పలకగా మారింది. పలక మీద తప్పు దిద్దుకోవచ్చు, బలపం తప్పుగా కదిలితే ఉన్నదీ పోతుంది.

పాత రాతను ఎక్కిస్తే యంత్రం ఎందుకు మరణిస్తుంది? ఆ చిప్‌లో ఉన్నది ఒక్క బయాస్ కాదు. ఇంటెల్ యంత్రాలలో మేనేజ్‌మెంట్ ఇంజన్ అనే మరొక ప్రోగ్రాము, అనేక బోర్డులలో నెట్‌వర్క్ చిరునామా, సీరియల్ నంబరు, విండోస్ లైసెన్సు తాళం కూడా అక్కడే ఉంటాయి. కీబోర్డును, ఫ్యానును, చార్జింగును చూసుకొనే కంట్రోలర్‌కు ప్రత్యేకంగా మరొక రాత ఉంటుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒకదాన్ని వెనుకకు లాగి మిగిలినవాటిని ముందరే ఉంచితే పొత్తు చెడుతుంది. కొత్త బయాస్ దాచిన అమరికలు పాతదానికి అర్థం కాకపోవచ్చు. రాస్తున్నప్పుడు కరెంటు పోవడం మరొక ప్రమాదం.

అయితే తప్పు విద్యార్థిదేనా? కొంత అవును. తన మోడలుకు సంబంధించిన సూచనలు చదవకుండా, బ్యాటరీ నిండుగా లేకుండా, ఎక్కడో దొరికిన ఫైలును ఎక్కించడం దుడుకుతనమే. కానీ వెనుకకు పోవడం అనే ఆలోచనే అపరాధమన్నట్లు మాట్లాడేవారు 2018ని మరచిపోరాదు. ఆ జనవరిలో స్పెక్టర్ అనే లోపానికి ఇంటెల్ ఇచ్చిన సవరణ వలన అనేక కంప్యూటర్లు వాటంతట అవే ఆగి మళ్ళీ మొదలు కాసాగాయి. ఆ సవరణను ఇక ఎక్కించవద్దని జనవరి 22న ఇంటెల్ స్వయంగా కోరింది. పాత బయాస్‌కు తిరిగి వెళ్ళమని కొన్ని లాప్‌టాప్ కంపెనీలే కొనుగోలుదారులకు సూచించాయి. అంటే ఉపసంహారం నిర్మాతలకూ అవసరమైన విద్యే.

భద్రతకోసమే వెనుకదారి మూస్తున్నామని నిర్మాతలు చెప్పే మాటలో సత్యం ఉన్నది. పాత బయాస్‌లోని లోపం లోకానికంతా తెలిసిపోయిన తరువాత దానికి తిరిగి పోవడం తాళం పోయిన తలుపును మళ్ళీ బిగించుకోవడమే. కనుక తాళం వేయడాన్ని ఎవరూ ఆక్షేపించరు. ఆక్షేపణ రెండు విషయాలపైన. మొదటిది, నిరాకరించదలచిన యంత్రం రాయకముందే నిరాకరించాలి. గడప దగ్గరే వద్దనకుండా, లోపలికి రానిచ్చిన తరువాత ఇల్లు కూలడం నిర్మాణలోపం, యజమాని పాపం కాదు. రెండవది, ఏ కారణం వలన పడిపోయినా తిరిగి లేచే మార్గం యజమానికి తెలిసి ఉండాలి. కొన్ని లాప్‌టాప్‌లలో పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి, కొన్ని మీటలు నొక్కి పట్టుకొంటే బయాస్ తిరిగి వస్తుంది. ఏ మీటలో, ఫైలుకు ఏ పేరు ఉండాలో యంత్రంతో వచ్చే చిన్న పుస్తకంలో ఎన్ని కంపెనీలు అచ్చు వేస్తున్నాయి?

1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ అనేక దేశాలలో కంప్యూటర్ల బయాస్‌ను చెరిపివేసింది. నాటి బోర్డులు చాలావాటిలో ఆ చిప్ ఒక గుంటలో కూర్చొని ఉండేది, దాన్ని ఊడదీసి మరొకటి పెట్టవచ్చు. నేటి లాప్‌టాప్‌లలో దాన్ని బోర్డుకే టంకం వేసి అతికిస్తున్నారు. చిప్‌లో అక్షరాలు చెరిగినందుకు మదర్‌బోర్డు మొత్తం మార్చాలని సర్వీసు సెంటర్లు చెప్పే సందర్భాలు ఉన్నాయి. ఆ ఖర్చు యంత్రం ధరలో పెద్ద భాగం అవుతుంది. పత్తి రైతు మరొక పంటదాకా ఆగవలసిన మొత్తం అది. ఇదే పనిని చేయగల ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాని క్లిప్‌ను చిప్ కాళ్ళకు తగిలించి సరైన ఫైలును తిరిగి రాస్తే చాలా సందర్భాలలో యంత్రం బతుకుతుంది.

ఈ నేలకు మరమ్మతు కొత్త కాదు. బోరుబావి మోటారు కాలిపోతే రైతు దాన్ని బండికెత్తుకొని వైండింగ్ దుకాణానికి పోతాడు. తీగ మళ్ళీ చుట్టించి పొలానికి తెచ్చుకొంటాడు. కొత్త మోటారే కొనాలని ఎవరూ అతనిని నిర్బంధించరు. సిరిసిల్ల మరమగ్గాలు దశాబ్దాలుగా ఆడుతున్నాయంటే అక్కడి మెకానిక్కుల చేతి చలవే కారణం. మోటారుకు ఎన్ని చుట్లు పడాలో విప్పి లెక్కపెట్టవచ్చు. లాప్‌టాప్ చిప్‌లో ఏమి ఉండాలో నిర్మాత చెప్పనిదే మెకానిక్‌కు తెలియదు. నేర్పు ఊళ్ళో ఉన్నది, రాత మాత్రం కంపెనీ దగ్గర ఉన్నది.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీని నియమించింది. ఆ డిసెంబరులోనే పోర్టల్ కూడా ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. మంచి ఆరంభమే, కాని సమాచారం ఇవ్వడం కంపెనీల ఇష్టానికి వదిలారు. 2024లో యూరోపియన్ యూనియన్ కొన్ని వస్తువుల మరమ్మతును నిర్మాతల బాధ్యతగా చేస్తూ ఆదేశం తెచ్చింది. ఇక్కడ కూడా కనీసం మూడు విషయాలు తప్పనిసరి కావాలి: ప్రతి మోడలు బయాస్ ఫైలు పూర్తిగా దొరకడం, దాన్ని తిరిగి నిలిపే పద్ధతి అచ్చులో ఉండడం, ఏ వెర్షను నుండి వెనుకకు పోరాదో ముందుగానే తెరపై కనిపించడం.

అంతవరకు ఉన్న దారి వినియోగదారుల రక్షణ చట్టం. 2019 చట్టం ప్రకారం కొనుగోలుదారుడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఉన్న నగరానికి పోనక్కరలేదు. సలహాకు 1915 నంబరు ఉన్నది. ఇక ఊహించిన విద్యార్థి విషయం. అతని లాప్‌టాప్‌ను అనుభవమున్న మెకానిక్ ఎవరైనా విప్పితే, కొత్త ఫైలు రాయడానికి ముందు చిప్‌లో మిగిలినదంతా చదివి ఒక ప్రతి పక్కన పెడతాడు. సీరియల్ నంబరూ, లైసెన్సు తాళమూ మళ్ళీ అందులో నుండే తీసుకోవాలి.