వాన చినుకుల విద్యుత్తు: ఆశకు హద్దు ఎక్కడ?

వాన చినుకుల నుండి విద్యుత్తు తీయవచ్చునన్న వార్తలు రైతులను, విద్యార్థులను ఆకర్షిస్తున్నవి. ఇది కల్పన కాదు. 2020లో హాంకాంగ్ సిటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 సెం.మీ. ఎత్తు నుండి పడిన 100 మైక్రోలీటర్ల నీటిచుక్కతో 140 వోల్టులకు పైగా వోల్టేజిని పుట్టించి, 100 చిన్న ఎల్‌ఈడీ దీపాలను వెలిగించారు. టెఫ్లాన్ పొరపై చుక్క పరచుకొని జారిపోయేటప్పుడు విద్యుదావేశాలు కదలుటయే ఇందలి సూత్రం.

అయితే ఆ ప్రయోగంలో నమోదైన చదరపు మీటరుకు 50 వాట్ల సామర్థ్యం రెప్పపాటు కాలపు గరిష్ఠ విలువ మాత్రమే. దానిని సౌరఫలకంతో పోల్చుట సరికాదు. చినుకు సెకనుకు 8 మీటర్ల వేగంతో పడుననుకొన్నచో, ఏటా 900 మి.మీ. వర్షం కురిసే చోట చదరపు మీటరుపై పడే నీటి గతిజశక్తి సుమారు 29,000 జౌళ్లు, అనగా 0.008 యూనిట్. 100 చదరపు మీటర్ల ఇంటి కప్పుపై ఏమాత్రం నష్టం లేకుండా ఒడిసిపట్టినను ఏడాదికి ఒక యూనిట్ రాదు. ఒక చదరపు మీటరు సౌరఫలకం మంచి ఎండ ఉన్న ఒక్క రోజులో దాదాపు అంత ఇవ్వగలదు. పరికరం ఎంత మెరుగుపడినను ఈ హద్దు మారదు. చినుకులో ఉన్న శక్తియే అంత.

వ్యవసాయ దృష్టితో చూచిన లెక్క మరింత స్పష్టం. ఎకరంపై ఏడాదిలో పడే వానకు గల గతిజశక్తి సుమారు 32 యూనిట్లు. ఆ నీరు 36 లక్షల లీటర్లు. అంత నీటిని 100 మీటర్ల లోతు నుండి పైకి తోడుటకు, మోటారు నష్టాలను విడిచినను, 980 యూనిట్లు కావలెను. అందులో పదోవంతు నీటిని సేద్యపు కుంటలో నిలిపి, ఆ మేరకు బోరు నీటి వాడకం తగ్గించినను 98 యూనిట్లు మిగులును. పైగా ఆచ్ఛాదన లేని నేలపై చినుకుల తాకిడి మట్టిరేణువులను విడదీసి కోతకు దారితీయును. కావున పంటభూమిలో ఆ శక్తిని పట్టుటకంటె, మల్చింగుతో దాని దెబ్బను తగ్గించుటయే ముఖ్యం.

ఈ పరిశోధన వ్యర్థమని దీని అర్థం కాదు. అతి తక్కువ విద్యుత్తు చాలు వర్షమాపక సెన్సార్ల వంటి పరికరాలకు ఇది ఉపకరించవచ్చును. కాని రైతు పెట్టుబడి పెట్టదగిన విద్యుత్ వనరుగా దీనిని ప్రచారం చేయరాదు. రైతు అడిగిన నాడు విస్తరణ శాస్త్రవేత్త ఈ లెక్కను అతని ముందుంచవలెను. వానలోని సంపద దాని వేగంలో లేదు, నీటిలో ఉన్నది.