అటక మీది టీవీ గేము

తెల్లబట్ట పసుపెక్కితే నీలిమందు వుంది. వెండికంచం నల్లబడితే విభూది వుంది. ఇత్తడిబిందెకి చింతపండు వుండనే వుంది. ప్లాస్టిక్కు పసుపెక్కితే ఏముందయ్యా అంటే మా అమ్మకీ తెలియదు, ఆవిడ అత్తగారికీ తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ రోజుల్లో ప్లాస్టిక్కు ముసలిదయ్యేదాకా ఇంట్లో వుంచేవారు కారు. పాత సామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు పుచ్చుకునేవారు.

మా ఇంట్లో మాత్రం ఒక ప్లాస్టిక్కు వస్తువు ఉల్లిపాయల పాలు కాకుండా ముప్ఫయ్యేళ్ళు బతికింది. డల్లాసులో వున్న మా తమ్ముడు కొడుకుని వెంటబెట్టుకుని సంక్రాంతికి వస్తున్నాడని అమ్మ తెనాలి ఇల్లు దులిపిస్తుంటే, అటక మీంచి పాత రాగిచెంబులతోపాటు అదీ దిగింది. 1994లో నాన్నగారు కొన్న టీవీ గేము.

ఆ కాలంలో పిల్లలున్నవారికి ఆ పెట్టె గుర్తుండే వుంటుంది. జపానులో నింటెండోవారు 1983 జూలై 15న ఫామికాం అనే ఆటయంత్రం విడుదల చేశారు. తెలుపూ, ముదురెరుపూ కలిసిన చిన్న పెట్టె. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు మసాయుకి ఉయెమురా. ఆయన 2021లో పోయారు. అసలు పెట్టె మన ఊళ్ళకి రాలేదు కాని, దాని నకళ్ళు మాత్రం 1990ల్లో సందుసందుకీ వచ్చాయి. ‘తొంభైతొమ్మిది లక్షల ఆటలు’ అని పైన అచ్చువేసిన కాసెట్టు పెడితే లోపల వున్నవి పట్టుమని పది. తక్కినవన్నీ అవే ఆటలు, పేర్లు మార్చుకుని వచ్చేవి. అయినా మేమేమీ మోసపోయామనుకోలేదు. మారియో ఒక్కటి చాలు మాకు. ఆట మొరాయిస్తే కాసెట్టు తీసి ‘ఉఫ్’మని వూదేవాళ్ళం. నోటి తడికి లోపలి లోహపు పళ్ళు తుప్పుపడతాయనీ, వూదడంవల్ల కాదు, మళ్ళీ తీసి పెట్టడంవల్లే అది పనిచేసేదనీ ఇప్పుడు తెలిసింది. ఎన్ని వేలసార్లు వూదామో!

సరే, పెట్టె దిగింది. కొన్ననాడు మల్లెపూవులా వుండేది. ఇప్పుడు దాని రంగేమిటో చెప్పడానికి తెలుగు ఎమ్మే చదివిన నాకే మాట దొరకలేదు. పీతం, పిశంగం, కపిలం అని నిఘంటువులో చాలా వున్నాయి. కాని అది అచ్చంగా అడుగంటిన నెయ్యి రంగు. విచిత్రమేమిటంటే పైమూత నెయ్యిలా వుంటే అడుగుచిప్ప ఇంకా పాలమీగడలానే వుంది. రెండూ ఒకే రోజున ఒకే కొట్లో కొన్నవి, ఒకే అటక మీద పడివున్నవి!

ఇంకో సంగతి. పైమూత మీద కుడిపక్కన చిన్న కాగితం అంటించి వుంది. నాన్నగారి దస్తూరి. ‘రోజుకి అరగంట. ఇద్దరికీ కలిపి.’ నల్లసిరాతో రాసి, కింద గీత గీసి, సంతకం కూడా పెట్టారు. గుమాస్తాగిరీ చేసిన మనిషి. ఇంట్లో ఏ ఉత్తర్వయినా సంతకం లేకుండా జారీ అయ్యేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

‘‘దీన్ని కొత్తదానిలా చేసి వాడికిస్తే ఎలా వుంటుందే?’’ అంది అమ్మ.

ఆ మాట పట్టుకుని నేను రంగంలోకి దిగాను.

మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారున్నారు. ఒక ప్రశ్న అడిగితే మూడు పీరియడ్లు చెప్పగలరు. ఆయన చెప్పినదాంట్లో నా బుర్రకెక్కింది ఇది. ఆ ప్లాస్టిక్కు పేరు ఏబీఎస్. మూడు దినుసుల వంటకం. అందులో బ్యూటాడయీన్ అనే దినుసుంది చూడండి, అది రబ్బరు జాతిది. కిందపడ్డా పగలని గట్టితనం దానివల్లే. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకీ, వేడికీ, గాలిలోని ఆక్సిజన్‌కీ ముందుగా లొంగిపోయేదీ అదే. అలా లొంగినప్పుడు పుట్టే కొత్త అణువులు నీలికాంతిని మింగేసి తక్కింది వదుల్తాయి. అంచేత మన కంటికి పసుపు. నిప్పంటుకోకుండా కలిపే బ్రోమిన్ మందులు కూడా ఇందులో దోషులేనని చాలామంది మాట. ఏ విడతలో ఏ పాలు ఎంత పడిందోనన్నదాన్నిబట్టి ఒక ముక్క ముందు, ఒక ముక్క వెనక పసుపెక్కుతాయి. నింటెండోవారి తర్వాతి యంత్రం, 1990లో జపానులోనూ, 1991లో అమెరికాలోనూ వచ్చిన సూపర్ యంత్రానికీ ఇదే తెగులు. పైసగం ఒక రంగు, కిందిసగం ఒక రంగు అయినవి లోకమంతటా వున్నాయట. అసలువారి సరుకే అలా అయితే నకలువాళ్ళని ఏమనగలం!

‘‘మరి అటక మీద చీకట్లోనే వుంది కదండీ?’’ అన్నాను.

‘‘చీకటి సరే, పెంకుల కింద వేసవి వేడి మాటేమిటమ్మా?’’ అన్నారాయన.

విరుగుడు కనిపెట్టింది శాస్త్రవేత్తలు కారు. పాత కంప్యూటర్లు పోగుచేసుకునే పిచ్చివాళ్ళు. 2008లో వాళ్ళు తలా ఒక ప్రయోగం చేసి, హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడితే పసుపు విరిగిపోతుందని తేల్చారు. దానికి రెట్రోబ్రైట్ అని పేరుపెట్టి, ఎవరి సొత్తూ కాదు పొమ్మని లోకానికి వదిలేశారు. ఆ పెరాక్సైడు మనకి కొత్తది కాదు. పుండు కడిగితే బుసబుస పొంగుతుందే, అదే. మందులషాపులో దొరికే 20 వాల్యూం సీసాలో సుమారు 6 శాతం వుంటుంది. 20 వాల్యూం అంటే లీటరు మందు విరిగితే 20 లీటర్ల ఆక్సిజన్ బయటికి వస్తుందని లెక్క. జుట్టు రంగు తీయడానికి పార్లర్లవాళ్ళు వాడే 40 వాల్యూం క్రీములో 12 శాతం వుంటుంది.

ఆ క్రీము కొనడానికి వెళ్ళాను. కొట్టు కుర్రాడు నా జడకేసి చూసి, ‘‘ఇంత స్ట్రాంగు మీకెందుకండీ, 20 చాలు’’ అన్నాడు. ‘‘నాకు కాదు బాబూ, టీవీ గేముకి’’ అన్నాను. ఆ పిల్లవాడు ఇంకేమీ అడగలేదు.

ఇక పని. ముందు పెట్టె వూడదీయాలి. స్క్రూలు, స్ప్రింగులు, లోపలి బోర్డు, రబ్బరు బొత్తాలు అన్నీ తీసి వేరే గిన్నెలో దాచాలి. పెరాక్సైడుకీ లోహానికీ పడదు. ఎర్రముక్కలు, అచ్చు అక్షరాలున్న ముక్కలు కూడా పక్కన పెట్టాలి, లేకపోతే వాటి రంగూ పోతుంది. ఉత్త తెల్లచిప్పల్నే గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి.

ఇక్కడ నాకు గుండె ఆగినంత పనయింది. ఆ కాగితం! దాన్ని తీస్తేగాని క్రీము రాయడానికి వీల్లేదు. అమ్మ ఏమీ అనకుండా పక్కనే ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. నీళ్ళు తగిలితే సిరా అలికిపోతుంది. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి, దూరంనుంచి వెచ్చటి గాలి తగిలించి, పాత పోస్టుకార్డు అంచుని కిందకి దూర్చి, పావుగంటసేపు ఊపిరి బిగబట్టి లేపాను. ఒక మూల కొంచెం చిరిగింది. సంతకానికేమీ కాలేదు. దాన్ని నా టీచింగు నోట్సులో పెట్టాను.

కాగితం కింద ఏముందనుకున్నారు? తెల్లటి తెలుపు. 1994 నాటి తెలుపు. వెలుతురు తగలని అంతమేరా ఆ పెట్టె కొత్తగానే వుంది. అమ్మ వేలితో దాన్ని తడిమి, ‘‘ఇదీ దీని అసలు రంగు’’ అంది.

గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, బ్రష్షుతో క్రీము పూసి, వంటింటి పారదర్శకపు కాయితం చుట్టి డాబా మీద పెట్టాను. అరగంటకోసారి తిప్పాలి, ఎక్కడా ఆరిపోనివ్వకూడదు. మొదటి రెండుసార్లు బుద్ధిగా తిప్పాను. మూడోసారి ప్రిన్సిపాలుగారి ఫోను వచ్చింది. ఆయన ఫోను అరగంటలో అయ్యేది కాదు. తిరిగి వెళ్ళేసరికి కాయితం కింద గాలిబుడగలు లేచి, క్రీము అక్కడక్కడా ఎండిపోయి వుంది. కడిగి చూద్దును కదా, పాలరాతి గచ్చులా చారలు! తడివున్నచోట తెలుపు, ఎండినచోట నెయ్యి. ‘‘బావుందోయ్, తాజ్‌మహలులా వుంది’’ అన్నారు మావారు. కంగారులో గ్లౌజులు లేకుండా కడిగానేమో, వేళ్ళచివర్లు తెల్లగా పాలిపోయి చురచుర మండాయి. గంటసేపు నీళ్ళల్లో పెట్టుకు కూర్చున్నాను. చెప్పొచ్చేదేమిటంటే, మీ ఇళ్ళల్లో ఎవరైనా ఈ పని పెట్టుకుంటే పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మిగిలిన మందుని మూత బిగించిన సీసాలో ఎండన పెట్టకండి. గ్యాసు పుట్టి పగులుతుంది. దాంట్లో వెనిగరు, యాసిడ్లు కలపమని ఎవరు చెప్పినా వినకండి.

మాస్టారికి ఫోను చేస్తే, ‘‘పూయడం మానేసి ముంచండి’’ అన్నారు. ముక్క మొత్తం మందులో మునిగివుంటే ఎక్కడా ఆరేది వుండదు, చారలూ పడవు. మందులషాపు సీసాలు నాలుగు కొని, అన్ని నీళ్ళే కలిపి, అద్దంలా కనబడే ప్లాస్టిక్ డబ్బాలో పోసి చిప్పని ముంచాను. బుడగలు పట్టి పైకి తేలుతోందని దానిమీద గాజుగిన్నె బరువు పెట్టాను. మూత వదులుగా వేశాను. గంటకోసారి బుడగలు దులిపాను. ఎండ లేనివాళ్ళు ఇదే మందుని 60 డిగ్రీల వేడిలో వుంచినా పనవుతుందట. ఆ వేడి దాటితే ప్లాస్టిక్కు వంకరపోయే ప్రమాదం వుంది కాబట్టి నేను ఆ జోలికి పోలేదు. ఏ మందూ లేకుండా ఉత్త ఎండలోనే రోజుల తరబడి పెట్టి తెలుపు తెచ్చినవాళ్ళూ వున్నారు. పసుపెక్కించిన ఎండే పసుపు తీయడమేమిటో మాస్టారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ తలూపాను.

మార్గశిరపు ఎండ పల్చన. రెండురోజులు పట్టింది. మూడోరోజు ఉదయం తీసి కడిగితే తెల్లగా వుంది. చారలు చాలావరకు పోయాయి. ఎడమ మూల మాత్రం సుద్దపొడి రాసినట్టు పాలిపోయిన మచ్చ మిగిలింది. మొదటిరోజు క్రీము అతిగా పనిచేసిన చోటు అది. ఇక దానికి మందు లేదు. అడుగుచిప్ప బాగానే వుంది కదా అని ముట్టుకోలేదు. ఇప్పుడది పైమూతకన్నా ఒక పిసరు పసుపుగా కనబడుతోంది. ముందు తిరగబడి వుండేది.

తమ్ముడు భోగిముందు రోజున దిగాడు. భోజనాలయ్యాక పెట్టె తెచ్చి ముందుపెట్టాను. వాడు, ‘‘అక్కా, ఎక్కడ దొరికిందే ఇది!’’ అని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ పైకి తిప్పాడు. తెల్లదనం మాటే ఎత్తలేదు.

‘‘నాన్న కాగితం ఏదీ?’’ అన్నాడు.

నోట్సులోంచి తీసి ఇచ్చాను. ఊపిరి పీల్చుకున్నాడు. వాడి కొడుక్కి తెలుగు మాట్లాడడం వచ్చుగాని చదవడం రాదు. ‘‘ఏం రాసుంది నాన్నా?’’ అంటే చదివి వినిపించాడు.

‘‘ఇద్దరికీ కలిపి అంటే ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలా? అంతేనా అత్తా?’’ అన్నాడు ఆ పిల్లవాడు నాకేసి జాలిగా చూస్తూ.

‘‘అంతే. అందులో పది నిమిషాలు మీ నాన్న దొంగిలించేవాడు’’ అన్నాను.

కాగితాన్ని తిరిగి అంటిద్దామన్నాడు తమ్ముడు. అప్పుడు వచ్చింది చిక్కు. మొన్నటిదాకా దాని చోటు పసుపులో తెల్లటి పలకలా స్పష్టంగా వుండేది. ఇప్పుడు మూతంతా ఒకటే తెలుపు. నేను కుడిపక్కన, బొత్తానికి కాస్త కింద అన్నాను. వాడు బొత్తానికి ఆనుకునే వుండేదన్నాడు. ముందుగా ఒక ఫోటో తీసుకోవలసింది. ఆ ఇంగితం నాకు లేకపోయింది. అమ్మని పిలిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని రెండుచోట్లా ఆనించి చూసి, రెండూ కాదని ఇంకాస్త పైన పెట్టింది.

అక్కడే అంటించాం. ఈసారి జిగురు రెండు మూలలకే రాశాం, మళ్ళీ తీయవలసి రావచ్చు గనక. ఈ తెలుపు శాశ్వతం కాదు. మందు పసుపుని విరిచిందేగాని ప్లాస్టిక్కుని కొత్తది చేయలేదు. కొందరికి ఏళ్ళపాటు నిలుస్తుందట, కొందరికి నెలల్లోనే తిరిగి పసుపెక్కుతుందట. వేడీ వెలుతురూ లేనిచోట వుంచితే కొంత నయం. డల్లాసులో వేసవి మన వేసవికి తీసిపోదని తమ్ముడు పెట్టెని ఇక్కడే వదిలి వెళ్ళాడు. అమ్మ దాన్ని పట్టుచీరల బీరువాలో పెట్టింది.

ఆట ఆడిందా అని అడుగుతారేమో. ఆడింది. ఇప్పటి టీవీకి వెనక పసుపురంగు వైరు గుచ్చితే రెండోసారికి మారియో వచ్చాడు. బాతుల్ని కాల్చే తుపాకి మాత్రం కొత్త టీవీల మీద పనిచేయదు, దానికి పాత గాజు తెరే కావాలి. కాసెట్టు మొదటిసారి మొరాయించినప్పుడు, వద్దని నేను అనేలోపే తమ్ముడు తీసి ‘ఉఫ్’మని వూదేశాడు.