రేపూ చేయాలనిపించాలి

ఉగాదినాడు మొదలుపెట్టిన వ్యాయామం శ్రీరామనవమి దాకా సాగిన ఇళ్ళు నేను ఎక్కువ చూడలేదు. బద్ధకమే కారణమంటారు. చేదుమందులా మింగే వ్యాయామం ఎన్నాళ్ళు సాగుతుందని నా ప్రశ్న.

మా వదినకు మధుమేహం. డాక్టరుగారు రోజూ నడవమన్నారు. గడియారం చూసుకుంటూ మేడమీద ఒక్కతే పచార్లు చేసేది. వారం తిరక్కుండానే మోకాళ్ళ నొప్పి అడ్డొచ్చింది! తర్వాత వీధిలో ఆడవాళ్ళతో కలిసి కోలాటం నేర్చుకుంది. ఇప్పుడు సాయంత్రం అయిదయ్యేసరికి కోలలు పుచ్చుకుని సిద్ధం. వానొచ్చి ఆట ఆగితే మొహం ముడుచుకుంటుంది. అవే మోకాళ్ళు సుమండీ!

పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఆ మేలు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకే మానకుండా చేయడం ముఖ్యం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. అది నడకే కానక్కరలేదు. ఈత, సైకిలు, షటిల్, పిల్లలతో తొక్కుడుబిళ్ళ, ఏదైనా సరే. ఊపిరి కాస్త వేగమై, మాట్లాడే వీలుంటే చాలు. జబ్బున్నవారు మాత్రం డాక్టరునడిగి మొదలుపెట్టండి.

ఏ వ్యాయామం గొప్పదని అడగకండి. రేపూ చేయాలని మీకు దేనిమీద మనసవుతుందో చూసుకోండి.